చదవడం రాదని నేను రాసిన పిల్ల

మొన్న జగిత్యాలలో కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టి, రిటైరై ఖాళీగా ఉన్నాడు కదా అని నన్నూ పిలిచారు. నాకిచ్చిన అంశం ‘భాషా బోధనలో పరీక్షల రకాలు’. నాకిచ్చిన సమయం చాయ్‌కీ భోజనానికీ మధ్య మిగిలిన పది నిమిషాలు. పరిచయం చేసినాయన నా ముప్ఫై మూడేళ్ళ సర్వీసును ఒక్క ముక్కలో తేల్చేశాడు. "వీరి తరగతి పిల్లలు ఒక్క ఏడాదిలోనే చదవడంలో సాధించిన ప్రగతికి మెచ్చి అధికారులు వీరికి శాలువా కప్పారు" అన్నాడు. కొత్తవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను లేచి మౌఖిక పరీక్ష, లిఖిత పరీక్ష, లఘు పరీక్ష, స్థాయి పరీక్ష, లోపాలు కనిపెట్టే పరీక్ష అంటూ ఎక్కాల్లాగా అప్పజెప్పి కూర్చున్నాను. నేను చెప్పింది నేను కూడా వినలేదు.

భోజనాల దగ్గర ఒక అమ్మాయి పళ్ళెం పట్టుకుని నా పక్కకు వచ్చింది. కోనరావుపేట మండలంలో పోస్టింగు వచ్చిందట.

"సార్, గన్ని రకాలు చెప్పిండ్రు. అండ్ల పిల్లకు నిజంగ చదువు అచ్చిందో లేదో తెలిసేది ఏది సార్?"

నా నోటి నిండా అన్నం ఉంది కాబట్టి బతికిపోయాను. తల ఊపి, పెరుగు కోసం వెతుకుతున్నట్టు అక్కడి నుంచి జారుకున్నాను.

ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ శాలువా ఎందుకు వచ్చిందో కూడా రాస్తాను. సిరిసిల్లలో అఖిల అని ఎనిమిదో తరగతి పిల్ల ఉండేది. బడి మొత్తంలో అంత చక్కగా చదివే పిల్ల లేదు. ఆ పిల్లకు అక్షరాలు రావని కాగితం మీద రాసి, దాని చదువు మాన్పించినంత పని చేసింది నేను. అయితే అంత పెద్ద పని ఎవడూ ఉద్యోగంలో చేరిన రోజే చేయలేడు. నాకూ తగిన తర్ఫీదు దొరికింది. కోరుట్లలో మొదలై, జగిత్యాలలో ముదిరి, సిరిసిల్లలో పండింది. ప్రమోషన్లూ బదిలీలూ ఎవరికీ పనికిరావు కనుక వదిలేస్తున్నాను.

రాళ్ళ కాపలా

నా మొదటి బడి కోరుట్ల దగ్గర. హెడ్మాస్టరును మా వైపు పెద్దసారు అంటాం. అక్కడి పెద్దసారు మంచి మనిషి, పిల్లల్ని కొట్టేవాడు కాదు, జీతం రోజు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించేవాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క భయం తనిఖీ. తనిఖీ అంటే తెలుగు మాస్టరుకు పఠన పరీక్ష అన్నమాట. అధికారి వచ్చి, ఒక పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఎక్కడో తెరిచి, వేలు పెట్టి "ఇక్కడి నుంచి చదువు" అంటాడు. పిల్ల చదివితే మాస్టరు గట్టివాడు, నసిగితే మాస్టరు దండగమారి.

పెద్దసారు నెల ముందే నన్ను పిలిచి, ఏడో పాఠం ఒక్కటి అందరి చేతా బట్టీ పట్టించమన్నాడు.

"అధికారి వేరే పేజీ తెరిస్తె ఎట్ల సార్?" అన్నాను, కొత్తవాణ్ణి కదా.

"తెర్వడు. తెరుద్దామన్నా రాదు" అన్నాడాయన.

ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది. రోజూ ప్రార్థన కాగానే ప్రతి పిల్లా తన పుస్తకాన్ని ఏడో పాఠం దగ్గర వెనక్కి విరిచి, వరండాలో పరిచి, దాని మీద ఒక బండరాయి పెట్టాలి. గంట తర్వాత తీయాలి. మైదానంలో రాళ్ళకు కరువు లేదు. రాళ్ళు సరైన పేజీ మీదే పెట్టారా లేదా చూసుకోవడం నా పని. తెలుగులో ఎమ్మే చేసి, వందల పద్యాలు నోటికి నేర్చుకుని వచ్చిన నేను ప్రభుత్వ జీతం మీద చేసిన మొదటి పని రాళ్ళ కాపలా.

తనిఖీ రోజు రానే వచ్చింది. అధికారి మొదటి పుస్తకం తీసుకుని తెరిచాడో లేదో ఏడో పాఠం వచ్చి కూర్చుంది. పిల్ల గడగడా చదివింది. రెండో పుస్తకం కూడా ఏడో పాఠమే. మూడో పుస్తకంలో కావాలని చివరి పేజీల్లోకి వేలు దూర్చాడు. వేలు తీయగానే కాగితాలన్నీ జారి మళ్ళీ ఏడో పాఠం దగ్గరికే వచ్చాయి. ఆయన పుస్తకం మూశాడు. పెద్దసారు వైపు చూశాడు.

"పిల్లల సంగతేమో గని సార్, మీ బళ్ళె పుస్తకాలు మాత్రం మంచిగ తయారైనయి" అన్నాడు.

తర్వాత మా ఊరి నాటుకోడి కూరతో భోజనం చేసి, తనిఖీ పుస్తకంలో ‘పఠనం చాలా బాగుంది’ అని రాసి సంతకం పెట్టాడు. ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని మాకూ తెలుసు. నాకు ఆ రోజు కొంచెం సిగ్గు వేసి ఉండాలి గాని, నిజం చెప్పాలంటే చాలా సంబరపడ్డాను. రాళ్ళు సరిగ్గా పెట్టించినందుకు పెద్దసారు నాకు రెండు బజ్జీలు ఎక్కువ ఇచ్చాడు.

అద్దంలోంచి చూసిన పుస్తకం

జగిత్యాలకు వచ్చేసరికి పరీక్షలు మారిపోయాయి. ఏడాదికి మూడు పరీక్షలు పెట్టి పిల్లల ప్రాణం తీయకూడదని పెద్దలు ఎవరో ఆలోచించారు. ఆలోచన మంచిదే. దాని బదులు ఏడాదంతా నిరంతరం మూల్యాంకనం చేయమన్నారు. అంటే ఇదివరకు ఏడాదికి మూడు సార్లు తీసే ప్రాణం ఇప్పుడు కొంచెం కొంచెంగా రోజూ తీయవచ్చు. అందులో పుస్తక సమీక్ష అని ఒకటి ఉంది. పిల్ల ఒక కథల పుస్తకం చదివి, దాని గురించి సొంతంగా రాయాలి. అయిదు మార్కులు.

బస్టాండు ముందు జిరాక్సు దుకాణంలో సొంత అభిప్రాయాలు అమ్మేవారు. తెల్ల కాగితం మీదివి ఒక ధర, రంగు అంచు ఉన్నవి ఇంకో ధర. నా తరగతిలో దాదాపు అందరూ ఒకే పుస్తకాన్ని సమీక్షించారు. అందరికీ ఒకే పాత్ర నచ్చింది. అందరూ ఒకే చోట కన్నీళ్ళు పెట్టుకున్నారు. అందరికీ అయిదుకు అయిదు వేశాను. రంగు అంచు వాళ్ళ కాగితాల మీద ‘శుభ్రత బాగుంది’ అని కూడా రాశాను.

ఒక్క పిల్లాడు మాత్రం కొనలేదు. కొండగట్టు కింది పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. వాడి సమీక్ష నాలుగే ముక్కలు. "మన బళ్ళె పుస్తకాలు బీరువల ఉన్నయి. బీరువకు తాళం ఉన్నది. అద్దంలకెల్లి అట్టలు కనవడుతయి. ఎర్ర అట్ట పుస్తకం మంచిగుంటదని అనుకుంటున్న."

దానికి రెండు మార్కులు వేశాను. పుస్తకం పేరు లేదు, రచయిత పేరు లేదు, నచ్చిన పాత్ర లేదు. మాకిచ్చిన కొలతల పట్టికలో వీటికి మార్కులు ఉన్నాయి గాని, నిజం రాసినందుకు మార్కులు లేవు. ఆ తాళం గురించి అక్కడి పెద్దసారును అడిగాను కూడా. "తాళం తీస్తె పుస్తకాలు పోతయి. పోతె ఎవలు జవాబు చెప్పాలె?" అన్నాడు. న్యాయమే అనిపించింది. తాళం చెవి ఆయన జేబులోనే ఉండేది.

ఆ బడిలోనే పదో తరగతి హాల్ టికెట్లన్నీ కట్టగట్టి కొండగట్టు అంజన్న పాదాల దగ్గర పెట్టించి తెచ్చేవాళ్ళం. ఆ ప్రయాణానికి ఏటా నన్నే పంపేవారు. ఎండలో మెట్లెక్కి, పూజ చేయించి, ప్రసాదంతో సహా టికెట్లు దింపేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఏళ్ళలో పిల్లల చదువు కోసం నేను చిత్తశుద్ధితో పడిన శ్రమ బహుశా అదొక్కటే.

ఆ తర్వాత పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి వెళ్ళాను. అక్కడ సృజనాత్మకత ప్రశ్నకు కూడా ‘కీ’ ఇచ్చారు. పిల్ల సొంతంగా ఊహించి రాయాలి, ఆ ఊహ మాత్రం మా దగ్గరున్న కాగితంతో సరిపోవాలి. నేను ఒక్క మాట కూడా అనలేదు. అప్పటికి నాకు మాట్లాడకుండా మార్కులు వేయడం బాగా అలవాటైంది.

పైకి వచ్చేవాళ్ళను కింద రాయండి

సర్వీసు చివర్లో సిరిసిల్లకు వచ్చాను. అక్కడ మా నెత్తిన పడింది మొదటి స్థాయి పరీక్ష, ఆఖరి స్థాయి పరీక్ష. బడి తెరిచిన కొత్తలో ప్రతి పిల్ల చేతా చదివించి, ఏ మెట్టు మీద ఉందో రాయాలి. అక్షరాలు రానివాళ్ళు అడుగు మెట్టు, మాటలు చదివేవాళ్ళు నడిమి మెట్టు, ధారాళంగా చదివేవాళ్ళు పై మెట్టు. ఏడాది చివర మళ్ళీ చదివించి ఎవరెంత పైకెక్కారో చూడాలి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఇంత మంచి పరీక్షను ఎలా పాడు చేయాలా అని ఎవరైనా పందెం కట్టినా కష్టమే. మేం మూడు రోజుల్లో చేసి చూపించాం.

పెద్దసారు మీటింగు పెట్టాడు. ఈయన నేను చెబుతున్న ముగ్గురు పెద్దసార్లలోకీ తెలివైనవాడు.

"మొదలే అందరిని పైన రాస్తె ఆఖరుకు ఏం చూపిస్తరు? మొదలు కింద రాయుండ్రి. మీదోళ్ళు ప్రగతి అడుగుతున్నరు" అన్నాడు.

"నిజంగ రానోళ్ళు ఉన్నరు గద సార్, వాళ్ళనే కింద రాద్దాం" అన్నాను.

"వాళ్ళు ఆఖరుకు సుత కిందనే ఉంటరు. మరి ప్రగతి ఏడికెల్లి అస్తది? పైకి అచ్చేటోళ్లను కింద రాయుండ్రి సార్. మీకు గింత సర్వీసున్నది, నేను చెప్పాల్నా?"

తప్పకుండా పైకి వచ్చేది ఎవరు? ఇప్పటికే పైన ఉన్నవాళ్ళు. కాబట్టి నా తరగతిలో బాగా చదివే పిల్లల పేర్లన్నీ ఏరి, అడుగు మెట్టులో రాశాను. నిజంగా చదవలేని వాళ్ళను నడిమి మెట్టులో రాసి, మళ్ళీ వాళ్ళ జోలికి పోలేదు. పైగా అడుగు మెట్టు పిల్లలకు రోజూ ఒక గంట ప్రత్యేకంగా అక్షరాలు దిద్దించాలని ఉత్తర్వు. ఆ ఉత్తర్వును మాత్రం తు.చ. తప్పకుండా అమలు చేశాం. వార్తాపత్రిక గడగడా చదివే పిల్లలు ఒక గదిలో కూర్చుని అ ఆలు దిద్దారు. అ ఆలు రాని పిల్లలు పక్క గదిలో ‘పర్యావరణ పరిరక్షణ’ మీద వ్యాసం రాశారు.

అడుగు మెట్టులో నేను రాసిన మొదటి పేరు అఖిలది. ఎందుకంటే పైకి రావడం అందరికంటే ఖాయమైనది ఆ పిల్లే. రోజూ ప్రార్థనలో వార్తలు చదివేది ఆ పిల్లే. వాళ్ళ నాన్న అంబదాసు నాలుగు సాంచాల ఆసామి. సాంచాలంటే మరమగ్గాలు, ఆసామి అంటే వాటిని సొంతంగా నడుపుకునేవాడు. ఆసామి అన్నది పిలుపుకే గాని, పొద్దంతా తానే నిలబడి నేస్తేనే ఇల్లు గడుస్తుంది. ఆయనకు గాని, పక్క సాంచాల వాళ్ళకు గాని చదవడం రాదు. సాయంత్రం కరెంటు పోయినప్పుడో, చాయ్ తాగేటప్పుడో అఖిల ఆ షెడ్డులో కూర్చుని పేపరు చదివితే తండ్రీ పక్క సాంచాల వాళ్ళూ వినేవారట. బిడ్డ ఎందాక చదివితే అందాక చదివిస్తానని ఆయన నాతో రెండు మూడు సార్లు అన్నాడు.

మొదటి రోజు అక్షరాల గదిలో కూర్చోబెట్టినప్పుడు అఖిల అడిగింది. "సార్, నేను గీ రూముల ఎందుకున్న?"

"కొన్ని రోజులు కూచో. మంచిదే" అన్నాను.

నా మీద నమ్మకంతో కూర్చుంది. పలక మీద ‘అ’ రాసింది. చాలా గుండ్రంగా రాసింది.

గోడకంటించిన జాబితా

మేం ఊహించనిది ఒక్కటే. అంతా పారదర్శకంగా ఉండాలని, జాబితాను గోడకంటించి తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించమని ఉత్తర్వు వచ్చింది. పెద్దసారు మైకు పెట్టించాడు. అడుగు మెట్టు నుంచి మొదలుపెట్టాడు. ‘అక్షరాలు కూడా రానివారు’ అని చదివి, తర్వాత అఖిల పేరు చదివాడు. అంబదాసు ముందు వరుసలోనే ఉన్నాడు. ఆ రోజు సాంచాలు బందుపెట్టి, ఉతికిన అంగీ తొడుక్కుని వచ్చాడు. నేను స్తంభం పక్కన నిలబడి నా ఫోనులో ఏదో చూస్తున్నట్టు నటించాను.

తర్వాతి సోమవారం అఖిల బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. దాని పక్కన కూర్చునే పిల్లను అడిగితే చెప్పింది.

"వాళ్ళ బాపు బంద్ చేయించిండు సార్. ఎనిమిదేండ్లు పోయినా అక్షరం రాలేదంట గద, ఇగ ఎందుకని కండెల మిషిను మీద కూసోవెట్టిండు."

మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న కడ్డీకి నూలు చుట్టడమే కండెలు చుట్టడం. అది పొద్దంతా కూర్చుని చేసే పని. అయితే నన్ను పొడిచింది అది కాదు, ఆ పిల్ల తర్వాత చెప్పిన మాట.

"అఖిల నాకు అస్తదని మస్తు ఏడ్చిందంట సార్. పేపరు సుత చదివిందంట. అయినా వాళ్ళ బాపు నమ్మలే. ఇన్నొద్దులు పేపరుల లేనియి అల్లి చెప్పినవా అని అడిగిండంట. అక్కడున్నోళ్లంత నవ్విండ్రంట."

చదవడం రాని తండ్రి ఏం చేస్తాడు? ఒక పక్క బిడ్డ మాట, ఇంకో పక్క బడి ముద్ర పడ్డ కాగితం. ఇన్నేళ్ళూ బిడ్డ చదివి వినిపించిన వార్తలన్నీ ఆయనకు ఒక్క రోజులో అబద్ధాలైపోయాయి. చదువు పోవడం ఒక ఎత్తు, అబద్ధాలకోరని అందరి ముందూ అనిపించుకోవడం ఇంకో ఎత్తు. రెండూ నా చేతి రాతలో ఉన్నాయి.

ముందుగా నేను చేసింది, ప్రభుత్వోద్యోగి ఎవడైనా చేసేదే, కాగితం సరిచేయాలని చూశాను. జాబితా వివరాలన్నీ అప్పటికే ఫోను యాప్‌లో ఎక్కించేశాం. అఖిల పేరు మీద నొక్కితే, మార్చే గడువు ముగిసిందని వచ్చింది. పెద్దసారు దగ్గరికి వెళ్ళాను.

"ఒక్క పిల్ల కోసం జాబితా అంత తప్పని ఒప్పుకుంటమా సార్? నాలుగొద్దులైతె వాళ్ళే పంపిస్తరు. మీకు ఇంక ఏడాదిన్నరే సర్వీసున్నది, శాంతంగ పోండ్రి" అన్నాడు. కోపంగా అనలేదు. నా మంచి కోరే అన్నాడు.

ఆ జాబితా అలాగే ఉండిపోయింది. ఏడాది చివర, కింద రాసిన వాళ్ళందరూ పైకొచ్చినట్టు తేలింది. నా తరగతి ప్రగతి చూసి పైవాళ్ళు ఆశ్చర్యపోయారట. శాలువా వచ్చింది. కప్పుతుంటే నేను వద్దనలేదు, ఫొటోకు నవ్వాను కూడా. ఈ రాతలో నన్ను నేను మంచివాడిగా చూపించుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

సాంచాలు ఆగిన గంట

పెద్దసారు చెప్పిన ఆ నాలుగు రోజులూ గడిచాయి. అఖిల రాలేదు. ఆదివారం పొద్దున నేనే వాళ్ళింటికి వెళ్ళాను. షెడ్డులో నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి. ఆ చప్పుడులో పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. మూలన కండెల మిషిను ముందు అఖిల ఉంది. నన్ను చూసి అలవాటు కొద్దీ లేచి నిలబడింది, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు కూర్చుంది.

"నీ బిడ్డకు చదువస్తది!" అని అంబదాసు చెవి దగ్గర అరిచాను.

"ఆఁ?"

"చదువస్తది!"

ఆయనకు వినబడలేదు. ఒక్కో సాంచా బందుపెట్టాడు. నిశ్శబ్దమయ్యాక మళ్ళీ చెప్పాను. ఈసారి గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"మరి కాయిదం మీద రాదని ఉన్నది గద సార్?"

"అది నేనే రాసిన."

"గదే అంటున్న. రాదని రాసింది మీరే, అస్తదని చెప్పేది మీరే. నేను ఏది నమ్మాలె?"

సంచిలోంచి పుస్తకం తీశాను. ఇంకేం తెలుసు నాకు, జీవితమంతా చేసిందే చేశాను. "అఖిలా, ఇట్ల రా. ఇది చదివి మీ బాపుకు వినిపియ్యి" అన్నాను.

"నేను చదవ సార్."

"ఎందుకు?"

"చదివితె సొంతంగ అల్లుతున్న అంటడు. పేపరు చదివినా గదే అన్నడు." అప్పుడు తలెత్తింది. "నాకు అస్తదని మీకు ఎర్కే గద సార్. మరెందుకు రాసిండ్రు?"

ముప్ఫై మూడేళ్ళలో నన్ను ఏ అధికారీ ఇంత సూటిగా ప్రశ్న అడగలేదు. నేను పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాను. అంబదాసు నా మొహం చూసి, "సార్, మీరు బయటికి రాండ్రి" అన్నాడు.

గల్లీలో నా స్కూటరు పక్కన నిలబడి ఉన్నదంతా చెప్పాను. పైకి వచ్చేవాళ్ళను కింద రాయడం, ప్రగతి చూపించడం, తెలిసి తెలిసీ మొదట అఖిల పేరే రాయడం. ఆయన అడ్డుపడకుండా విన్నాడు.

"అంటె సార్, నేసిన బట్టను నెయ్యలేదని రాసి, మళ్ల నేసినమని చూపించుడు. గట్ల మేం చేస్తె మమ్ముల ఏమంటరు?"

నేను స్కూటరు అద్దం తుడిచాను. ఆయన షెడ్డు వైపు ఒకసారి చూశాడు.

"నాకు సదువు రాదు. మీ మాట మీద నమ్ముదామంటె నమ్మబుద్ధి అయితలేదు. మీరు ఒకటి చేయుండ్రి. గిప్పుడు నాకు చెప్పిన ముచ్చట కాయిదం మీద రాసి, కింద సంతకం పెట్టుండ్రి. మనం ఏం మాట్లాడుకున్నమో లోపలున్న దానికి తెల్వదు. దాని చేతికిస్త. మీరు చెప్పింది, అది చదివింది ఒక్కటైతె దానికి సదువు అచ్చినట్టే. ఒక్కటి కాకపోతె ఇగ బడి ముచ్చట ఎత్తద్దు."

అమ్మా, కోనరావుపేట టీచరమ్మా, నువ్వడిగింది ఇదే. పిల్ల ముందెప్పుడూ చూడనిది ఇవ్వాలి. బట్టీకి దొరకనిది ఇవ్వాలి. పిల్ల పైకి రావాలనో కింద ఉండాలనో ముందే తీర్మానించుకోని మనిషి వినాలి. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివి, పరీక్ష రాసి, ప్యాసయ్యాను. ఒక్కసారి కూడా చేయలేదు. చదవడం రాని మనిషి గల్లీలో నిలబడి రెండు నిమిషాల్లో తయారు చేశాడు.

స్కూటరు సీటు మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాను. ‘అఖిలకు చదవడం చక్కగా వచ్చు. ఆమెకు అక్షరాలు రావని బడి జాబితాలో రాసింది నేనే.’ అక్కడిదాకా చేయి బాగానే నడిచింది. తర్వాత సంతకం గుర్తొచ్చింది. సంతకం ఉన్న కాగితం ఎక్కడికైనా పోతుంది. ఎవరి టేబుల్ మీదికైనా ఎక్కుతుంది. మిగిలిన ఏడాదిన్నర సర్వీసు, పెన్షను కళ్ళ ముందు తిరిగాయి. నా పక్కన నిలబడ్డ మనిషికి చదవడం రాదు. ‘అది పొరపాటున జరిగింది’ అని రాసి, సంతకం పెట్టి, ఆయన చేతిలో పెట్టాను.

లోపలికి వెళ్ళాం. అంబదాసు కాగితం అఖిలకిచ్చాడు. "ఇది చదువు" అన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. ఆ పిల్ల చేతులకంటిన నూలు పోగులు దులుపుకుని కాగితం అందుకుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఎక్కడా తడుముకోకుండా చదివింది. ‘అది పొరపాటున జరిగింది’ అని కూడా చదివి, కింద నా పేరు చదివింది.

అంబదాసు మొహం మారింది. "ఏమన్నవ్? మళ్ల చదువు."

మళ్ళీ చదివింది. అవే మాటలు.

"పొరపాటున అని ఉన్నదా?"

"ఉన్నది బాపు."

"సారు నాకు గట్ల చెప్పలే."

"నాకు తెల్వదు బాపు. కాయిదం మీద గట్లనే ఉన్నది."

"మీరు చెప్పింది ఒకటి, ఇది చదివింది ఒకటి" అన్నాడు అంబదాసు, నా వైపు తిరిగి. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కాగితం కోసం బిడ్డ వైపు చేయి చాచాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. ఆయన పెట్టిన నియమం ప్రకారం అఖిల తప్పినట్టే. మళ్ళీ అల్లి చెప్పిందనే అనుకుంటాడు. నేను స్కూటరెక్కి ఇంటికి పోవచ్చు. అఖిల నన్నే చూస్తోంది. అది చదివింది ఏమిటో, అందులో నేను చేసింది ఏమిటో దానికి అప్పటికే అర్థమైంది. అయినా నన్ను పట్టివ్వలేదు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివి ఊరుకుంది.

"అది సరిగ్గనే చదివింది అంబదాసూ" అన్నాను. "నేనే అట్ల రాసిన."

ఆయన నన్ను చూశాడు, బిడ్డను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. తర్వాత నా అంగీ జేబులోంచి పెన్ను తానే తీసి నా చేతిలో పెట్టాడు. ‘పొరపాటున’ కొట్టేసి, పైన ‘తెలిసే’ అని రాశాను. అఖిల మూడోసారి చదివింది. ఈసారి తండ్రి కళ్ళు మూసుకుని విన్నాడు.

"రేపటి సంది బడికి పో బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత తలొంచుకుని, "నేను సుత తప్పన్న నిన్ను" అన్నాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాన్ని ఎవరికీ చూపించలేదని తర్వాత తెలిసింది, తిరిగి ఇమ్మని అడిగే మొహం నాకూ లేదు. నేను ఆయనతో ఏదో చెప్పాలని ముందుకు కదిలాను. అప్పటికే ఆయన సాంచాలు ఒక్కొక్కటి ఆన్ చేశాడు.